తెరవని దారాల కొట్టు

మొన్న ఓ అమ్మాయి చేతిలో కాగితాలు పట్టుకుని మా గుమ్మంలోకి వచ్చింది. మీ పేటలో ఏయే కొట్లు పెడితే బాగుంటుందని ఇంటింటికీ తిరిగి అడగడం ఆ అమ్మాయి ఉద్యోగం. అడగందే అమ్మైనా పెట్టదంటారు. అడిగేవాళ్ళే వెతుక్కుంటూ వస్తే ఊరుకుంటానా? కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి మరీ చెప్పాను. చెప్పులు కుట్టేవాడు కావాలి. ఉన్న ఒక్కడూ వేరే పేటకి వెళ్ళిపోయాక తెగిన చెప్పుకి పిన్నీసు పెట్టి ఈడ్చుకొస్తున్నాను. గొడుగులు బాగుచేసేవాడు కావాలి. కుక్కరు పిడి ఊడితే బిగించేవాడు కావాలి. నాలాంటివాళ్ళు కాసేపు కూర్చుని పేపరు చదువుకునే చోటు ఒకటి కావాలి. ఇన్ని కావలసి ఉండగా మా వీధిలో సెల్‌ఫోన్ల తొడుగులమ్మే కొట్లు మూడున్నాయి, నాలుగోది వస్తోందట. ఒక్కో ఫోనుకి ఎన్ని చొక్కాలు తొడుగుతారో నాకర్థం కాదు.

ఆ అమ్మాయి అన్నీ రాసుకుని, "ఇంకేమైనా ఉందా అండీ?" అంది.

ఉంది. చెప్పలేకపోయాను. కుర్చీలోంచే ఎదురుగా ఉన్న మూసిన షట్టరు కనిపిస్తోంది. దాని మీద సగం చెరిపేసిన అక్షరాలున్నాయి. మాది మొదటి అంతస్తు, అవి రాసినాయన ఉండేది మా పైఅంతస్తులోనే. ఆయన నాతో మాట్లాడి పది నెలలైంది. తప్పు ఆయనది కాదు.

మా వీధిలో నా నోట్లో నువ్వుగింజ నానదని పేరు. ఆ పేరు ఊరికే రాలేదు, కష్టపడి సంపాదించుకున్నాను. ముప్ఫయ్యేళ్ళు స్కూలు ఆఫీసులో గుమస్తాగా చేసినదాన్ని. ఎవరి పిల్లవాడు ఎన్ని రోజులు ఎగ్గొట్టాడో వాళ్ళమ్మకంటే ముందు వీధికి తెలిసేది. అలాంటి నేను నా జన్మలో గట్టిగా దాచిన రహస్యం ఒక్కటే. దాచకూడనిదీ అదొక్కటే.

పైనింటాయన్ని అందరూ బోర్డు మాస్టారంటారు. ఊళ్ళో కొట్లకి పేర్లు రాస్తారు. ప్లాస్టిక్కు బోర్డులొచ్చి సగం పని పోయినా, షట్టర్ల మీద రాయాలంటే ఇప్పటికీ ఆయనే. ముందు తడి సుద్దతో గీతలు కొట్టుకుని, అక్షరాలు అంచనా వేసుకుని, తర్వాతే రంగులో కుంచె ముంచుతారు. పని పూర్తయ్యాక కింద కుడిమూల చిన్నగా తన ఫోను నంబరు వేస్తారు. మనం బయటికెళ్తూ తలుపుకి తాళం వేసుకున్నట్టు ఆయన చెయ్యి ఆ పని చేసేస్తుంది. వేశానో లేదో కూడా ఆయనకి గుర్తుండదు.

ఆ నంబరు ఫోను మాత్రం ఆయన దగ్గర ఉండదు. ఒకసారి నిచ్చెన మీదుండగా మోగితే కంగారులో దాన్ని పచ్చరంగు డబ్బాలో ముంచారు. అప్పట్నుంచీ ఫోను ఇంట్లోనే, మా వదిన దగ్గర. వరసకి వదిన కాదు, పిలుపుకి వదిన. వచ్చిన ఫోన్లన్నీ ఎత్తి, ఎవరికి ఏ రోజు ఏం రాయాలో చూసుకునేది ఆవిడే. ఏ కొట్టువాడైనా దారిలో ఆపి, "మాస్టారూ, మాది ఎప్పుడు రాస్తారు?" అంటే ఆయన చెప్పే జవాబు ఒకటే: "ఇంట్లో అడిగి చెప్తానండి." నెల తిరక్కుండా వీధిలో పిల్లలు కూడా ఆ మాటతో ఆయన్ని వెక్కిరించేవారు. ఆయన నవ్వేసి వెళ్ళిపోయేవారు.

వదినది బట్టలు బాగుచేసే పని. అరిగిన కాలరు తిరగేసి కుట్టడం, జిప్పులు మార్చడం, పిల్లలు ఎదిగితే గౌను అంచు వదలడం. కొత్త బట్ట ఎవరైనా కుడతారు, పాతది కుట్టడమే విద్య అనేది. దానికి కావలసింది రంగు కలిసే దారం. అది దొరికే బజారుకి రెండు బస్సులు మారాలి. ఓపిక లేనప్పుడు మాస్టార్ని పంపేది. ఆయన బట్టముక్క పట్టుకెళ్ళి అచ్చు అదే రంగు తెచ్చేవారు. కుడితే వెలిసినట్టు కనిపించేది.

"ముప్ఫయ్యేళ్ళుగా చెప్తున్నా," అనేది వదిన. "కండెకి చుట్టినప్పుడు ముదురుగా కనిపిస్తుంది, పోగు తీస్తే లేతబడుతుంది. అందుకే ఒక ఛాయ ముదురు తీసుకోవాలి. నలభై రంగులు కలిపే మనిషికి ఇది బుర్రకెక్కదు."

"నా రంగు డబ్బాలో ఎలా ఉంటుందో గోడ మీదా అలాగే ఉంటుంది. నీ దారానిదే నిలకడ లేని బుద్ధి," అనేవారాయన.

కిందటేడు ఆవిడ గుండె బలహీనపడింది. పది రోజులు ఆసుపత్రిలో ఉంచారు. ఇంటికి పంపేముందు డాక్టరు రెండు మాటలు చెప్పాడు: మెట్లు దిగొద్దు, మిషను తొక్కొద్దు. ఆ రోజు మాస్టారితోపాటు నేనూ మంచం పక్కనే ఉన్నాను. డాక్టరు వెళ్ళేదాకా వదిన దుప్పటి అంచు కుట్టుని వేళ్ళతో తడుముతూ ఉంది. తర్వాత, "మన ఎదురు షట్టరులో ఎవరైనా ఓ దారాల కొట్టు పెడితే బాగుణ్ణు," అంది. "కిటికీలోంచి బుట్ట దింపి కావలసినవి తెచ్చుకుని, చేత్తో కుట్టే పనులైనా చేసుకుందును. లేకపోతే ఆ కిటికీలో కూర్చుని ఏం చూడను? తుప్పు చూడనా?"

ఆ షట్టరు నాలుగేళ్ళుగా మూసే ఉంది. ఇదివరకు రేడియోలు బాగుచేసేవాడుండేవాడు. దాని ఓనరు ఎక్కడో ఉంటాడు, ఈ వైపు తొంగిచూడడు.

మర్నాడు పొద్దున్నే చూద్దును కదా, మాస్టారు దాని ముందు నిచ్చెన వేసుకుని ఉన్నారు. నీలం మీద పసుపు అక్షరాలు: దారాలు, బొత్తాలు, జిప్పులు. కింద ఎర్రగా: త్వరలో ప్రారంభం.

"ఎవరు పెడుతున్నారు అన్నయ్యా?" అన్నాను. నా కడుపుబ్బరం నాది.

ఆయన కుంచె దించి నా వైపు చూడకుండా చెప్పారు. "ఎవరూ లేరు చెల్లెమ్మా. అది ఇవాళ ఇంటికొస్తోంది. కిటికీలో కూర్చుంటే ఎదురు చూడ్డానికి ఏదో ఒకటి ఉండాలిగా. కాస్త కోలుకోనీ, నేనే చెప్పేస్తాను. తిడితే పడతాను. అందాకా నువ్వు..."

"నేనెందుకు చెప్తాను?" అన్నాను.

నన్ను నమ్మి ఒక మనిషి రహస్యం చెప్పడం అదే మొదలు. ఆ గొప్ప నా తలకెక్కింది, ఆ మాట ఒప్పుకోవాలి.

వదిన ఇంటికొచ్చింది. బోర్డు చూసి పొంగిపోయింది. వెంటనే ఓ వెదురుబుట్టకి తాడు కట్టించుకుని, తాడు రెండో కొస కిటికీ ఊచకి ముడేసి, సిద్ధంగా కూర్చుంది. రోజూ సాయంత్రం ఆయన మెట్లెక్కి రాగానే, "ఏవండీ, ఇంకా తెరవలేదేం?" అనేది. "సరుకు రావాలటోయ్," అనేవారాయన. మా ఇంట్లోకి అన్నీ వినిపిస్తాయి. ఆయన ఆ కిటికీ దగ్గరికి వెళ్ళడం మానేశారు. వీధిలో ఆ షట్టరు ముందు నుంచి వెళ్ళాల్సొస్తే తల అటు తిప్పుకుని నడిచేవారు.

రెండో వారంలో ఓ మధ్యాహ్నం నేను కూర తరుగుతుంటే మా కిటికీకి ఏదో ఠక్కున తగిలింది. చూస్తే బుట్ట. లోపల ఆకుపచ్చ దారం కండె ఒకటి, రెండు బొత్తాలు. కింద ఎవరో ముసలాయన చేతులు చాపి నిలబడ్డాడు. కొట్టే లేదు కదా, ఉన్నా బుట్ట ఖాళీగా దిగాలిగానీ సరుకుతో దిగడమేమిటి? చాకు అక్కడే పడేసి పైకి పరుగెత్తాను.

వదిన ఒళ్ళో బిస్కెట్ల డబ్బా. అలాంటివి మూడున్నాయి, ముప్ఫయ్యేళ్ళుగా మిగిలిన దారాలన్నీ వాటిలోనే. నన్ను చూసి నవ్వింది. "తలుపు వెయ్యి. మీ అన్నయ్య ఎంత తెలివైనవాడో చెప్తాను."

జరిగిందిదీ. మాస్టారి చెయ్యి అలవాటు ప్రకారం షట్టరు మూల నంబరు వేసేసింది. చూసినవాళ్ళంతా అది కొట్టువాళ్ళ నంబరనుకున్నారు. ఫోన్లు రావడం మొదలయ్యాయి. కొట్టెప్పుడు తెరుస్తారండీ, ఎనిమిదంగుళాల జిప్పుంటుందా, ముదురు గోధుమరంగు దారముంటుందా. ఆ ఫోను ఎత్తేది ఎవరు? మా వదిన.

"ఫోన్లు రాకముందే తెలుసులే," అంది. "ఇంటికొచ్చిన రోజు ఈ కిటికీలోంచి నాకు ముందు కనిపించింది మన నంబరే. ఆ అంకెలు నాకు తెలీవా? ఓనరు రాయించుకుంటే ఆయన నంబరు కూడా ఉండాలిగా. లేదు. పైగా ఈ పని నా లెక్కలోకి రాలేదు. నాకు తెలీకుండా మీ అన్నయ్య ఏ బోర్డు రాశాడు గనక?"

"మరి నిలదీయలేదేం వదినా?"

ఆవిడ దారం కండెని వేళ్ళ మధ్య తిప్పుతూ కూర్చుంది. "నాకోసం ఓ కొట్టు పెట్టాడే ఆ మనిషి. చేతిలో ఉన్న కుంచెతోనే పెట్టాడు. ఏమని పడగొట్టను? ఆయనంతట ఆయన చెప్పనీ. అప్పుడు ఈ డబ్బాలు చూపించి, నీ కొట్టు నేను నడుపుతున్నానని చెప్తాను. ఇద్దరం నవ్వుకుంటాం. అందాకా నువ్వు నోరు..."

"నేనెందుకు చెప్తాను?" అన్నాను మళ్ళీ.

అక్కణ్ణుంచి నా బతుకు అడకత్తెరలో పోకచెక్క అయింది. మెట్ల మీద ఆయన ఆపి, "ఇవాళేమైనా అందా?" అనేవారు. పైకెళ్తే ఆవిడ, "మీ అన్నయ్య ఏమైనా అన్నాడా?" అనేది. ఇద్దరికీ లేదనేదాన్ని. పగలంతా బుట్ట మా కిటికీ ముందు నుంచి దిగుతుండేది, ఎక్కుతుండేది. దారానికి వదిన డబ్బు పుచ్చుకునేది కాదు. ఒకటే షరతు: కుట్టాక ఆ బట్ట తెచ్చి వీధిలో నిలబడి చూపించాలి. జనం తెచ్చి చూపించేవారు. ఒకావిడ పరదా తెస్తే, ఒకాయన కోటు జేబు తెచ్చాడు. వదిన పైనుంచి చూసి తప్పకుండా ఏదో ఒక తప్పు పట్టేది. "ఎడమ అంచు పైకెక్కింది, ఇస్త్రీ చేస్తే సర్దుకుంటుంది." వాళ్ళు దాన్ని బహుమతిలా పట్టుకెళ్ళేవారు. ఆవిడ మొహంలోకి రక్తం వచ్చింది. సాయంత్రం ఆయనొచ్చే వేళకి బుట్ట లోపలికి, డబ్బాలు మంచం కిందికి పోయేవి.

ఒక సాయంత్రం ఆయన తెగించి, "ఏమోయ్, ఆ కొట్టు సంగతి..." అని మొదలుపెట్టారట. ఆవిడకి నవ్వాగలేదు. "ఏం, సరుకొచ్చేసిందా?" అంది. ఆయన చెప్పబోయింది వదిలేసి కాళ్ళు కడుక్కోవడానికి వెళ్ళిపోయారు. మర్నాడు నాకు చెప్తూ ముందు నవ్వింది, తర్వాత మానేసింది. "నవ్వకుండా ఉండాల్సింది. చెప్పేవాడే పాపం."

ఆ రోజే ఆయన నన్ను మెట్ల దగ్గర ఆపారు. కళ్ళ కింద నల్లగా ఉంది. "అది అంత సంబరంగా అడుగుతుంటే నాకు పని మీద మనసు నిలవట్లేదు చెల్లెమ్మా. నిన్న రాసిన అక్షరం వంకరపోయింది. దానికి ఆశ పెట్టి ఆడిస్తున్నాను నేను." ఆవిడకి అన్నీ తెలుసు అంటే సరిపోయేది. మూడు మాటలు. ఊళ్ళో అందరి గుట్లూ వీధిలో పెట్టే నోరు ఆ ఒక్కరోజు ఒట్టు నిలబెట్టుకుంది. నిజం చెప్పాలంటే ఒట్టు ఒక్కటే కాదు. ఇద్దరూ నన్నే నమ్ముకున్నారన్న మురిపెం కూడా ఉంది. ఆ ఆట అప్పుడే అయిపోవడం నాకిష్టం లేకపోయింది.

తర్వాతి మంగళవారం, పదకొండు దాటుతుండగా, బుట్ట మా కిటికీ ముందుకొచ్చి ఆగింది. లోపల లేత ఊదారంగు కండె ఒకటుంది. ఆయాసమొస్తే వదిన తాడుని ఊచకి రెండు చుట్లు చుట్టి కాసేపు ఆగడం మామూలే. నేను అన్నం వార్చుకున్నాను. గిన్నెలు సర్దుకున్నాను. బుట్ట అక్కడే ఉంది. కింద ఒకమ్మాయి పైకి చూస్తూ నిలబడింది, కూతురి గౌనుకి దారం కావాలట. కండె నేనే తీసి కిందికి తీసుకెళ్ళి ఇచ్చి, "అమ్మగారు అలిసిపోయినట్టున్నారు, నువ్వెళ్ళమ్మా," అని పంపేశాను. అప్పుడెక్కాను పైకి.

ఆవిడ కుర్చీలో వెనక్కి వాలి ఉంది. తాడు ఊచకి రెండు చుట్లు చుట్టి ఉంది. ఫోను ఒళ్ళోనే ఉంది.

మాస్టారికి కబురు చెయ్యాలంటే ఫోనే లేదు కదా. ఆటోలో ఊరి ఆ చివరికి వెళ్ళి వెతుక్కున్నాను. కొత్త హోటలు ముందు నిచ్చెన మీదున్నారు. నన్ను చూసి దిగిపోయారు. కుంచె కడుక్కోలేదు. ఆటోలో సగం దూరం వచ్చాక, "ఇవాళ సాయంత్రం చెప్పేద్దామనుకున్నాను," అన్నారు.

అప్పుడైనా చెప్పొచ్చు. చెప్తే, రెండు నెలలుగా తెలిసీ దాచావా అంటారు. ఆ భయంతో బయటికి చూస్తూ కూర్చున్నాను.

తర్వాత తొమ్మిది రోజులు నేను అన్నం గిన్నె పట్టుకుని పైకెళ్తూనే ఉన్నాను. ఆయన ముట్టుకుని వదిలేసేవారు. ఛార్జింగు అయిపోయిన ఫోను కిటికీలోనే పడి ఉండేది. "దాన్ని మోసం చేసి పంపాను," అనేవారు. "ఆఖరిరోజు దాకా ఆ కిటికీలో కూర్చుని, రాని కొట్టుకోసం ఎదురుచూసింది." నేను దొంగకి తేలు కుట్టినట్టు గిన్నె తీసుకుని దిగొచ్చేదాన్ని. ఇవాళ కాదు రేపు, కాస్త తేరుకోనీ అనుకునేదాన్ని. మాస్టారూ రెండు నెలలు ఇదే మాట అనుకున్నారని తర్వాత తట్టింది.

పదో రోజు పొద్దున ఆయన నిచ్చెన, కిరసనాయిలు సీసా, గుడ్డ పట్టుకుని ఎదురు షట్టరు దగ్గరికి వెళ్ళారు. ముందు 'త్వరలో ప్రారంభం' చెరిపారు. తర్వాత జిప్పులు. నేను కింద వీధిగుమ్మంలో నిలబడి చూస్తున్నాను. బొత్తాల మీదికి వచ్చేసరికి వీధిలోకి ఆ అమ్మాయి వచ్చింది, ఊదారంగు దారం పట్టుకెళ్ళిన అమ్మాయి. మా ఇంటి కింద నిలబడి, సంచిలోంచి చిన్న గౌను తీసి రెండు చేతులతో పైకెత్తి పట్టుకుంది. "అమ్మగారూ," అని పిలిచింది.

మాస్టారు నిచ్చెన మీదనే వెనక్కి తిరిగారు. "ఎవరికోసమమ్మా?"

"కొట్టు అమ్మగారికోసమండి. దారమిచ్చారు. కుట్టాక తెచ్చి చూపించమన్నారు."

"ఏ కొట్టు?"

"ఇదేనండి, మీరు చెరుపుతున్నదే." ఆ అమ్మాయి షట్టరు మూలకి చూపించింది. "ఆ నంబరుకి చేస్తే ఆవిడే ఎత్తుతారు. కొట్టు తెరిచేదాకా కిటికీలోంచి ఇస్తానన్నారు. రెండు నెలలుగా చాలామందికి ఇచ్చారండి."

ఆయన మూలకి చూశారు. చేతిలో గుడ్డ అలాగే ఉంది. ఊళ్ళో వెయ్యి బోర్డుల మూల వేసిన అంకెలు అవి, వాటిని ఆయన మొదటిసారి చదివినట్టు చదివారు. తర్వాత నా వైపు చూశారు. అడక్కుండానే తలూపాను.

ఆయన నన్నేమీ అనలేదు. అంటే బాగుండేది. నిచ్చెన దిగి, నా పక్కనుంచే మెట్లెక్కి పైకి వెళ్ళారు. మంచం కిందనుంచి డబ్బాలు లాగిన చప్పుడు కిటికీలోంచి వినిపించింది. ఒక మూత, రెండో మూత, మూడో మూత. ఖాళీ డబ్బాలని చప్పుడుని బట్టే తెలిసింది.

ఆ అమ్మాయికి మెల్లిగా విషయం చెప్పాను. తను ఏడ్చింది. గౌను మాత్రం దించలేదు. "చూపిస్తానని మాటిచ్చానండి," అంది.

కాసేపటికి మాస్టారు కిటికీలో కనిపించారు. ఆవిడ కుర్చీలోనే కూర్చున్నారు. ఆ అమ్మాయి గౌను ఇంకాస్త పైకెత్తింది. ఆయన చాలాసేపు చూశారు.

"దారం ఎక్కడా కనిపించట్లేదమ్మా," అన్నారు చివరికి. "బాగా కలిసింది."

"తప్పేమీ లేదా అండీ? అమ్మగారు ఎప్పుడూ ఒకటి చెప్పేవారట."

ఆయన ఊచ మీద చెయ్యి వేసి ముందుకి వంగారు. "ఇంట్లో అడిగి చెప్తానమ్మా," అన్నారు.

అన్నాక ఆ మాట ఆయనకే వినిపించింది. ఆయన కిటికీ దగ్గర్నుంచి లేవలేదు. ఆ అమ్మాయి గౌను మడత పెట్టుకోకుండా, జవాబు వస్తుందేమో అన్నట్టు, వీధిలో అలాగే నిలబడింది.